డొమైన్ పేరు తీసుకోవడం, నిలబెట్టుకోవడం: సమగ్ర మార్గదర్శి

డొమైన్ పేరును ఎవరూ కొనలేరు. డబ్బు కట్టిన మరుక్షణం ‘ఇక ఈ పేరు మీ సొంతం’ అన్న ధోరణిలో ఒక ఈమెయిల్ వస్తుంది గానీ, అది వ్యాపార మర్యాద. నిజానికి జరిగింది కౌలు ఒప్పందం. ఏడాదికో, రెండేళ్లకో, మహా అయితే పదేళ్లకో ఆ పేరును వాడుకునే హక్కు మీకు వచ్చింది. గడువులోగా మళ్లీ కడితే హక్కు నిలుస్తుంది, మరిచిపోతే ఇంకొకరి పాలవుతుంది. కాబట్టి కౌలు పత్రం మీద ఎవరి పేరుంది, గడువు నోటీసు ఎవరి చేతికి వస్తుంది అన్నవే ఈ వ్యవహారంలో అసలు ప్రశ్నలు. చాలామంది పేరు కోసం నెల రోజులు ఆలోచించి, ఈ రెండింటినీ అర నిమిషంలో దాటేస్తారు. చిక్కులన్నీ ఆ అర నిమిషంలోనే పుడతాయి.

పేరు చిరునామాగా ఎలా మారుతుంది

కంప్యూటర్లు ఒకదానినొకటి ఐపీ చిరునామాలనే సంఖ్యలతో గుర్తిస్తాయి. పేర్లు మన సౌకర్యం కోసమే. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ రోజుల్లో ఏ పేరుకు ఏ సంఖ్యో చెప్పే జాబితా ఒకే ఒక్క ఫైలులో ఉండేది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. కొత్త కంప్యూటరు చేరితే వాళ్లకు చెప్పాలి, వాళ్లు జాబితాలో ఎక్కించాలి, మిగతావాళ్లంతా ఆ ఫైలును మళ్లీ తెచ్చుకోవాలి. యంత్రాలు పెరిగేకొద్దీ ఈ పద్ధతి కుంటుపడింది. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన డీఎన్ఎస్, అంటే డొమైన్ నేమ్ సిస్టమ్, దీనికి విరుగుడు. అందులోని కిటుకు ఒక్కటే: జాబితాను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను దాని బాధ్యులకే అప్పగించడం.

ఉత్తరం మీది చిరునామాను తపాలా సిబ్బంది కింది నుంచి పైకి చదివినట్టు, డొమైన్ పేరును కంప్యూటరు కుడి నుంచి ఎడమకు చదువుతుంది. ‘ఎగ్జాంపుల్ డాట్ కామ్’ అనే పేరునే తీసుకుందాం. ఇది ఉదాహరణల కోసమే ప్రత్యేకించిన పేరు, ఎవరికీ ఇవ్వరు. మీరు దీన్ని బ్రౌజర్‌లో కొట్టగానే మీ తరఫున రిజాల్వర్ అనే యంత్రం బయలుదేరుతుంది. మొదట ఈ వ్యవస్థలో అన్నిటికన్నా పై మెట్టు అయిన రూట్ సర్వర్‌ను అడుగుతుంది. రూట్‌కు ఆ పేరు తెలియదు, కానీ ‘డాట్ కామ్ సంగతి ఫలానా సర్వర్లకు తెలుసు’ అని దారి చూపుతుంది. డాట్ కామ్ సర్వర్లు ‘ఎగ్జాంపుల్ వివరాలు ఫలానా నేమ్ సర్వర్ల దగ్గర ఉన్నాయి’ అంటాయి. ఆ నేమ్ సర్వర్ అసలు సంఖ్య చెబుతుంది. రిజాల్వర్ ఆ జవాబును కొంతసేపు గుర్తుంచుకుంటుంది, మళ్లీ ఎవరైనా అడిగితే ఇంత తిరుగుడు ఉండదు.

రూట్ సర్వర్లకు 13 పేర్లున్నాయి. 12 సంస్థలు వాటిని నడుపుతాయి. ‘ప్రపంచం మొత్తానికి 13 కంప్యూటర్లే’ అని కొందరు ఇప్పటికీ రాస్తుంటారు, అది పొరపాటు. 13 చిరునామాల వెనుక భూమి నలుమూలలా వెయ్యికి పైగా యంత్రాలున్నాయి.

ఈ వరసలో మీకు డబ్బుతో దొరికేది ఒక్కటే: డాట్ కామ్ జాబితాలో మీ పేరు పక్కన మీరు చెప్పిన నేమ్ సర్వర్లు రాయించుకునే హక్కు. వెబ్‌సైటు, ఈమెయిల్, హోస్టింగ్ (సైటు ఫైళ్లను ఉంచే సర్వర్ సేవ) అన్నీ వేరే సరుకులు. ఒకే చోట ఒకే బిల్లు మీద కొన్నా వేరే సరుకులే.

ఎవరు ఎవరికి జవాబుదారీ

అన్నిటికన్నా పైన ఐకాన్. 1998లో ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ ఇది. ఏ చివరి మాటలు (చివరి చుక్క తర్వాత వచ్చే కామ్, నెట్ లాంటివి) ఉండాలో, వాటిని ఎవరు నడపాలో తేల్చేది ఇదే. దాని కింద రిజిస్ట్రీలు. ఒక చివరి మాట కింద ఉన్న పేర్లన్నిటి అసలు పుస్తకం రిజిస్ట్రీ దగ్గర ఉంటుంది. డాట్ కామ్, డాట్ నెట్ పుస్తకాలు వెరిసైన్ దగ్గర, డాట్ ఆర్గ్ పుస్తకం పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీ దగ్గర ఉన్నాయి. రిజిస్ట్రీని టోకు వర్తకుడు అనుకుంటే, మనతో నేరుగా వ్యవహరించే రిజిస్ట్రార్ చిల్లర వర్తకుడు. రిజిస్ట్రార్ కింద రీసెల్లర్లు కూడా ఉంటారు. చివరన మీరు, రిజిస్ట్రెంట్.

ఈ వంశవృక్షం తెలిస్తే ఒక లాభముంది. డాట్ కామ్ పేరు ఏ రిజిస్ట్రార్ దగ్గర తీసుకున్నా ఒకటే సరుకు, ఎక్కేది అదే పుస్తకంలో. ఖరీదైన చోట తీసుకున్న పేరు గట్టిది, చవకగా తీసుకున్నది బలహీనం అన్నది ఉండదు. తేడా అంతా సేవలోనూ, రెండో ఏడాది బిల్లులోనూ ఉంటుంది.

మొదటి అడుగు: పేరు

సాంకేతిక నియమాలు కొన్నే. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే వాడాలి. అడ్డగీతతో మొదలవకూడదు, ముగియకూడదు. చుక్కకూ చుక్కకూ మధ్య 63 అక్షరాలు మించకూడదు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్న భేదం లేదు.

అసలు పరీక్ష ఫోనులో ఉంది. పేరును అవతలి వారికి ఒక్కసారి చెప్పండి. వాళ్లు అడగకుండా సరిగ్గా రాసుకుంటే ఆ పేరు పనికొస్తుంది. ‘మధ్యలో అడ్డగీత’, ‘రెండు అంటే అంకె, అక్షరాల్లో కాదు’ అని వివరించవలసి వస్తే, ఆ వివరణ మీరు జీవితాంతం ఇస్తూనే ఉండాలి. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకునేవారికి ఈ పరీక్ష ఇంకా కఠినం. ‘శ్రీ’ ఒక్కదాన్నే హెచ్‌తో, హెచ్ లేకుండా, చివర ఐతో, రెండు ఈలతో నాలుగైదు రకాలుగా రాస్తారు. దీర్ఘాన్ని ఒకరు రెండు అక్షరాలతో రాస్తే ఇంకొకరు ఒక్కదానితో సరిపెడతారు. ‘త’కు టీ ఒక్కటే చాలంటారు కొందరు, పక్కన హెచ్ ఉండాలంటారు ఇంకొందరు. మీరు మనసు పడ్డ మాటను పదిమంది చేత రాయించి చూడండి. మూడు రకాలకు మించి వస్తే వేరే మాట వెతుక్కోవడం మేలు. రెండే రకాలు వస్తే రెండూ తీసుకుని, ఒకదాన్ని రెండోదానికి మళ్లించవచ్చు.

రెండు మాటలు అతికించినప్పుడు అతుకు దగ్గర మూడో మాట పుడుతుందేమో కూడా చూసుకోవాలి. డొమైన్ పేర్లలో మాటల మధ్య ఖాళీలుండవు కదా. పరువు తీసే పేర్లు చాలావరకు అలా పుట్టినవే.

తెలుగు లిపిలోనే పేరు పెట్టుకోలేమా అంటే, చివరి మాటను నడిపే రిజిస్ట్రీ అనుమతిస్తే పెట్టుకోవచ్చు. డీఎన్ఎస్ లోపల మాత్రం అది ఎక్స్ఎన్ అనే రెండక్షరాలు, రెండు అడ్డగీతలతో మొదలయ్యే గజిబిజి ఇంగ్లీషు వరసగా మారుతుంది. ఆ మార్పిడిని ప్యూనీకోడ్ అంటారు. బ్రౌజర్లు చాలావరకు దీన్ని చక్కగా చూపిస్తాయి. ఈమెయిల్ దగ్గర మాత్రం ఇంకా తడబాటు ఉంది, తెలుగు చిరునామాను ఒప్పుకోని ఫారాలు అడుగడుగునా తగులుతాయి. నా సలహా: తెలుగు లిపి పేరును ఇష్టంగా తీసుకోండి, తోడుగా ఇంగ్లీషు అక్షరాల పేరు కూడా ఉంచుకోండి.

ఇంకొకరి ట్రేడ్‌మార్కును పోలిన పేరు జోలికి వెళ్లకండి. 1999లో ఐకాన్ ఆమోదించిన యూడీఆర్పీ అనే వివాద పరిష్కార విధానం ప్రకారం ఫిర్యాదుదారు మూడు సంగతులు రుజువు చేస్తే పేరు మీ చేతి నుంచి వాళ్ల చేతికి పోతుంది. పేరు తమ మార్కును భ్రమ కలిగించేలా పోలి ఉండడం, దానిపై మీకు న్యాయమైన ఆసక్తి లేకపోవడం, దురుద్దేశంతో నమోదు చేసి వాడడం. మూడూ కలిసి రుజువు కావాలి, ఒకటి చాలదు.

రెండో అడుగు: చుక్క తర్వాతి మాట

డాట్ కామ్ కింద మొదటి నమోదు 1985 మార్చి 15న జరిగింది. సింబాలిక్స్ అనే కంప్యూటర్ల కంపెనీది ఆ పేరు. నాలుగు దశాబ్దాలు గడిచినా, జనం ఏ పేరు విన్నా చివర అప్రయత్నంగా అతికించేది డాట్ కామ్‌నే. మీ పేరు డాట్ నెట్‌తో ఉండి, అదే పేరు డాట్ కామ్‌తో మరొకరి దగ్గర ఉంటే మీ ఉత్తరాల్లో కొన్ని వాళ్లకు చేరతాయి. అందుకే మంచి పేరు డాట్ కామ్‌తో దొరక్కపోతే, చివరి మాట మార్చడం కన్నా పేరునే మార్చడం నయమని నేనంటాను. దీన్ని ఒప్పుకోనివారు చాలామందే ఉన్నారు.

రెండక్షరాల చివరి మాటలు దాదాపు అన్నీ దేశాలవో, భూభాగాలవో. టెలివిజన్ అనుకునే డాట్ టీవీ నిజానికి తువాలు దేశానిది. కృత్రిమ మేధ కంపెనీలు ఎగబడుతున్న డాట్ ఏఐ కరీబియన్‌లోని ఆంగ్విల్లా ద్వీపానిది. డాట్ ఐఓ బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతానిది. వీటి నియమాలు ఎక్కడికక్కడే, ధర, అర్హత, గడువు పద్ధతి అన్నీ ఆ రిజిస్ట్రీ ఇష్టం. దేశం తలరాత మారితే పేరు తలరాత కూడా మారవచ్చు. యుగోస్లావియా పోయాక డాట్ వైయూ 2010లో రూట్ నుంచి తొలగిపోయింది. బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి వైదొలిగాక, అర్హత కోల్పోయిన బ్రిటన్ వాసుల డాట్ ఈయూ పేర్లు రద్దయ్యాయి. ఏ తప్పూ చేయకుండానే, కౌలు సొమ్ము సక్రమంగా కట్టినా పేరు పోయిందన్నమాట.

2012లో ఐకాన్ తలుపులు తెరిస్తే కొత్త చివరి మాటల కోసం 1930 దరఖాస్తులు వచ్చాయి. షాపు, ఆన్‌లైన్, యాప్ లాంటివన్నీ ఆ పంటే. వీటిలో మొదటి ఏడాది కారుచవకగా ఇచ్చి, రెండో ఏడాది అసలు ధర చూపేవి చాలా ఉన్నాయి. అంత చవక కాబట్టే మోసగాళ్లూ వాటినే ఎగబడి తీసుకుంటారు, ఈమెయిల్ వడపోతలు అలాంటి చివరి మాటలను అనుమానంగా చూస్తాయి. ‘ప్రీమియం’ ముద్ర ఉన్న పేర్లయితే తొలి ధరే కాదు, ఏటా కట్టే ధర కూడా ఎక్కువ ఉండవచ్చు. ముందే చూసుకోండి.

మూడో అడుగు: ఖాళీగా ఉందో లేదో చూడడం

బ్రౌజర్‌లో కొట్టి చూసి, ఏ పేజీ రాలేదు కాబట్టి ఖాళీ అనుకోవద్దు. నమోదు చేసుకుని సైటు పెట్టనివి, ఈమెయిల్‌కే వాడేవి లెక్కలేనన్ని. ఐకాన్ నడిపే లుకప్ పేజీలో గానీ, రిజిస్ట్రార్ వెతుకుడు పెట్టెలో గానీ చూడాలి. ఖాళీగా కనిపించి, నచ్చిందని తేలితే అదే కూర్చోవడంలో తీసుకోండి.

పేరు ఎవరి దగ్గరో ఉంటే, గడువు తేదీని చూసి ఆశ పెట్టుకోకండి. చాలామంది చివరి వారంలో కడతారు. అమ్మకానికి పెట్టి ఉంటే బేరమాడవచ్చు. సొమ్మును మధ్యవర్తి సంస్థ దగ్గర ఉంచి, పేరు మీ ఖాతాలోకి వచ్చాకే అమ్మినవారికి విడుదలయ్యే పద్ధతినే ఎంచుకోండి.

నాలుగో అడుగు: రిజిస్ట్రార్, ఫారం

రిజిస్ట్రార్‌కు ఐకాన్ గుర్తింపు ఉందో లేదో చూడండి, జాబితా బహిరంగంగానే ఉంది. తర్వాత మొదటి ఏడాది ధరను చేత్తో మూసేసి పునరుద్ధరణ ధర చదవండి. ఖాతాకు రెండంచెల తాళం (పాస్‌వర్డుతో పాటు ఇంకో కోడు కూడా అడిగే పద్ధతి) ఉందా, చిరునామా దాచే సదుపాయానికి వేరే రుసుము అడుగుతున్నారా, పేరును వేరే చోటికి తీసుకెళ్లే వివరాలు సులువుగా దొరుకుతున్నాయా అన్నవి చూస్తే చాలు.

ఇక ఫారం. ఇక్కడ తొందరపడకండి. రిజిస్ట్రెంట్ గడిలో ఎవరి పేరు రాస్తే పేరు వాళ్లదే. సైటు తయారుచేసే డిజైనరు ‘అన్నీ నేనే చూసుకుంటాను’ అని తన పేరు, తన ఈమెయిల్ పెట్టేస్తాడు. అతని మంచితనం మీద నాకు అనుమానం లేదు, కానీ అతను వృత్తి మానేస్తే, ఫోను నంబరు మారిస్తే, మీతో మాట పట్టింపు వస్తే మీ సైటు అతని జేబులో ఉంటుంది. ఖాతా మీరే తెరవండి, పని చేయడానికి మాత్రం అతనికి అనుమతి ఇవ్వండి. సంస్థ కోసమైతే ఉద్యోగి పేరు కాకుండా సంస్థ పేరే రాయాలి.

ఈమెయిల్ గడి ఇంకా ముఖ్యం. అదే డొమైన్ మీద నడిచే ఈమెయిల్‌ను అక్కడ పెట్టకండి. ఇది నేను చేసి దెబ్బతిన్న పని. కార్డు గడువు తీరి స్వయంచాలక చెల్లింపు ఆగింది. తొలి హెచ్చరికలు వచ్చాయి, ప్రకటనలనుకుని వదిలేశాను. పేరు ఆగాక దాని మీది ఈమెయిల్ కూడా ఆగింది. ఆ తర్వాతి హెచ్చరికలు ఎక్కడికీ చేరలేదు. ఖాతాలోకి వెళ్దామంటే పాస్‌వర్డు మరిచాను, దాన్ని మార్చే లంకె కూడా ఆగిపోయిన ఈమెయిల్‌కే వెళుతోంది. తాళంచెవి లోపల ఉంచి తలుపు వేసుకున్నట్టయింది. గుర్తింపు పత్రాలు పంపి, నేను నేనేనని ఒప్పించడానికి తొమ్మిది రోజులు పట్టింది.

నమోదు కాగానే ఈమెయిల్ నిర్ధారణ లంకె వస్తుంది. డాట్ కామ్ లాంటి సాధారణ చివరి మాటల్లో దాన్ని 15 రోజుల్లో నొక్కకపోతే పేరును నిలిపివేస్తారు. కొత్త సైటు రెండు వారాలు బాగా నడిచి హఠాత్తుగా మాయమైతే మొదట అనుమానించవలసింది దీన్నే.

ఒకప్పుడు రిజిస్ట్రెంట్ చిరునామా, ఫోను నంబరు హూఈజ్ అనే వెతుకుడులో ఎవరికైనా కనిపించేవి. 2018 మేలో ఐరోపా గోప్యతా చట్టం అమలులోకి వచ్చాక చాలా వివరాలు ముసుగు వేసుకున్నాయి. హూఈజ్ స్థానంలోకి ఇప్పుడు ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది. కనిపించవు కదా అని దొంగ వివరాలు మాత్రం ఇవ్వకండి. వివాదం వచ్చిన రోజున పేరు మీదేనని చూపే ఆధారం ఆ వివరాలే, తప్పుడువని తేలితే పేరు రద్దు చేసే హక్కు కూడా రిజిస్ట్రార్‌కు ఉంది.

ఐదో అడుగు: పేరును పనిలో పెట్టడం

రెండు దారులున్నాయి. నేమ్ సర్వర్లనే హోస్టింగ్ కంపెనీవి చేసి, పెత్తనం మొత్తం వాళ్లకు అప్పగించవచ్చు. లేదా నేమ్ సర్వర్లను అలాగే ఉంచి, వాటిలో మీ పేరు కింద రాసి ఉండే పద్దుల్లో, అంటే రికార్డుల్లో, కావలసినవి మాత్రం మార్చుకోవచ్చు. రెండోది కాస్త శ్రమ, కానీ పగ్గాలు మీ చేతిలో ఉంటాయి.

రికార్డుల్లో రోజూ పనిపడేవి కొన్నే. ‘ఎ’ రికార్డు పేరును పాతతరం ఐపీ చిరునామాకు కలుపుతుంది, నాలుగు ‘ఎ’ల రికార్డు కొత్తతరం చిరునామాకు. సీనేమ్ ఒక పేరును ఇంకో పేరుకు మారుపేరుగా చేస్తుంది, కానీ ముందు ఏ మాటా లేని అసలు డొమైన్‌కు దీన్ని పెట్టకూడదు. ఎంఎక్స్ రికార్డు ఉత్తరాలు ఎక్కడ దించాలో చెబుతుంది. టీఎక్స్‌టీ రికార్డులో, మీ పేరు మీద ఈమెయిల్ పంపే అధికారం ఏ సర్వర్లకుందో చెప్పే ఎస్పీఎఫ్ లాంటివి ఉంటాయి.

నేమ్ సర్వర్లు మార్చేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. కొత్త చోట సైటు రికార్డు పెట్టి, ఎంఎక్స్ సంగతి మరిచిపోతారు. సైటు బాగానే కనిపిస్తుంది, ఉత్తరాలు రావడం ఆగిపోతుంది, ఆ సంగతి తెలియడానికి రెండు రోజులు పడుతుంది. మార్చే ముందు పాత రికార్డులన్నీ ఒక ఫైలులోకి ఎత్తి రాసుకోండి.

మార్పు ‘ప్రపంచమంతా వ్యాపించడానికి 48 గంటలు’ అని చెబుతుంటారు. నిజానికి ఏదీ వ్యాపించదు. పాత జవాబును గుర్తుంచుకున్న రిజాల్వర్లు దాన్ని మరిచిపోయేదాకా ఆగడమే. ఎంతసేపు గుర్తుంచుకోవాలో రికార్డు పక్కనే టీటీఎల్ అనే సెకన్ల లెక్కలో ఉంటుంది. అది 86400 అయితే ఒక రోజు. మార్పుకు ఒక రోజు ముందే దాన్ని 300కు తగ్గిస్తే, మార్చిన రోజున అయిదు నిమిషాల్లో పని తేలుతుంది.

ఆరో అడుగు: కాపలా

రిజిస్ట్రార్ ఖాతాకు రెండంచెల తాళం, పేరు వేరే రిజిస్ట్రార్‌కు తరలిపోకుండా ఆపే బదిలీ తాళం. రెండూ వెంటనే వేయండి. డీఎన్ఎస్ జవాబులకు సంతకం చేసే డీఎన్ఎస్‌సెక్ పద్ధతి కూడా ఉంది. 2010లో రూట్‌కే ఆ సంతకం వచ్చింది. వాడితే మంచిదే, కానీ నేమ్ సర్వర్లు మార్చే ముందు ఆ సంతకాన్ని సరిచూసుకోవడానికి రిజిస్ట్రార్ దగ్గర ఉంచిన డీఎస్ రికార్డును తీసేసి, అది రిజాల్వర్ల జ్ఞాపకంలోంచి పోయేదాకా ఆగాలి. లేదంటే పాత సంతకం, కొత్త జవాబు సరిపోలక చాలామందికి సైటు తెరుచుకోదు.

నమోదైన కొన్ని వారాలకు వింత ఉత్తరాలు మొదలవుతాయి. ‘మీ డొమైన్ సేవ ముగియబోతోంది, వెంటనే చెల్లించండి’ అని ఎప్పుడూ వినని సంస్థ రాస్తుంది. చిన్న అక్షరాల్లో చూస్తే అది సెర్చ్ ఇంజిన్ నమోదు సేవ. ‘మీ పేరును ఫలానా దేశంలో ఎవరో నమోదు చేయబోతున్నారు, మీరే ముందు తీసుకోండి’ అన్నది ఇంకో పాట. వాటిలోని లంకెలు నొక్కకుండా, రిజిస్ట్రార్ సైటును స్వయంగా తెరిచి గడువు తేదీ చూసుకుంటే చాలు.

గడువు దాటితే

1999 క్రిస్మస్ వేళ మైక్రోసాఫ్ట్ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ రుసుము కట్టడం మరిచింది. ఆ కంపెనీ ఈమెయిల్ సేవ హాట్‌మెయిల్‌లోకి ప్రవేశం ఆ పేరు మీదే ఆధారపడి ఉండేది, లోపలికి వెళ్లలేక జనం తల్లడిల్లారు. సంబంధం లేని ఒక ప్రోగ్రామరు కారణం కనిపెట్టి, తన కార్డుతో 35 డాలర్లు కట్టి సేవను నిలబెట్టాడు. అంత మంచివాడు ప్రతి ఒక్కరికీ దొరకడు కాబట్టి గడువు వరస తెలిసి ఉండాలి.

సాధారణ చివరి మాటల్లో రిజిస్ట్రార్ సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి హెచ్చరించాలి. గడువు దాటాక 45 రోజుల వరకు మామూలు ధరకే తిరిగి ఇచ్చే వెసులుబాటు ఉండవచ్చు. ఎన్ని రోజులన్నది రిజిస్ట్రార్ ఇష్టం, పూర్తిగా ఇస్తారనుకోవద్దు. ఈలోగా పేరును వేలానికి పెట్టేవారూ ఉన్నారు. పేరును తొలగించాక 30 రోజుల విమోచన కాలం, అప్పుడు దండుగలాంటి అదనపు రుసుముతో దక్కించుకోవచ్చు. తర్వాత అయిదు రోజులు ఎవరూ ముట్టుకోలేరు. ఆపైన పేరు బహిరంగం, క్షణాల్లో ఎగరేసుకుపోయే ప్రోగ్రాములు కాచుకుని ఉంటాయి.

రిజిస్ట్రార్ మారాలనుకుంటే గడువు దాకా ఆగకుండా నెలన్నర ముందే కదలండి. బదిలీ తాళం తీసి, పాత రిజిస్ట్రార్ నుంచి ఆథ్ కోడ్, అంటే బదిలీకి పాస్‌వర్డులాంటి కోడు, తీసుకుని కొత్తవారికి ఇవ్వాలి. సాధారణంగా అయిదు రోజుల్లో పూర్తవుతుంది, డాట్ కామ్‌లాంటి వాటిలో గడువుకు ఒక ఏడాది కలుస్తుంది. కొత్తగా నమోదు చేసిన 60 రోజుల లోపు మాత్రం బదిలీకి ఒప్పుకోకపోవచ్చు. నేమ్ సర్వర్లు పాత రిజిస్ట్రార్‌వే అయితే, వాళ్లు సేవ ఆపకముందే రికార్డులను వేరే చోటికి మార్చుకోండి.

కావాలనే వదులుకునే పేరుకు కూడా ఒక పద్ధతుంది. ఆ డొమైన్ మీది ఈమెయిల్‌తో ఎక్కడెక్కడ ఖాతాలు తెరిచారో గుర్తు చేసుకుని, బ్యాంకు, సామాజిక మాధ్యమాలు, పాత సేవలు అన్నిట్లో చిరునామా మార్చాకే వదలాలి. రేపు ఆ పేరు తీసుకున్నవారు అదే చిరునామాతో పెట్టె తెరిస్తే, మీ పాస్‌వర్డు మార్చే లంకెలన్నీ వాళ్ల చేతికే వెళతాయి. అందుకే నేను వాడడం మానేసిన రెండు పేర్లకు ఇంకా ఏటా కడుతూనే ఉన్నాను.